గేటు బయట మెయిళ్లు

“ప్యాకెట్ మీద అచ్చేసిన సైటు పేరు కొడితే తెల్ల పేజీ వస్తోందేంటమ్మా? ఏభై వేల ప్యాకెట్లు! రైతులు కొట్టేది ఆ పేరే!”

జగ్గయ్యపేటలోని విత్తనాల కంపెనీలో యజమాని బుల్లిబాబు అరుస్తుంటే స్టాఫంతా తలలు వంచుకున్నారు. ఎదురుగా నిలబడింది మహిమ. ఆఫీసులో కంప్యూటర్ల పని మొత్తం ఆమెదే.

“సైటుని కొత్త సర్వర్‌కి మారుస్తున్నాం సార్. పేరుకి ముందు www చేర్చి కొడితే వస్తోంది. ఒట్టి పేరు కొడితే ఎక్కడికెళ్లాలో చెప్పే రికార్డు ఇంకా మార్చాలి. నందిగామలో మన సైటు చూసే కుర్రాడు రూబెన్ ఆ పని మీదే ఉన్నాడు...”

“ప్యాకెట్ మీద ఎక్కడుంది నీ www? నీకంటే ఎల్‌కేజీ పిల్లాడు నయం!”

మహిమ సీట్లోకొచ్చి కూర్చుంది. సొంత ఫోన్ తీసి, సొంత జీమెయిల్ నుంచి బుల్లిబాబు కంపెనీ మెయిల్‌కి ఒకే ఒక్క ముక్క రాసింది. ‘ఈ రోజుతో పని మానేస్తున్నాను.’ పంపేసింది. టైము తొమ్మిదీ ఇరవై.

పదకొండున్నరకి ఒట్టి పేరుకే సైటు తెరుచుకుంది. పెనుగంచిప్రోలు డీలరు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. పన్నెండింటికి బుల్లిబాబు స్వయంగా వేడి పునుగుల పొట్లం పట్టుకుని వచ్చాడు.

“పొద్దున నోరు జారా. మనసులో పెట్టుకోకమ్మాయ్. ఒకటో తారీకు నుంచి ఆఫీసు ఇన్‌ఛార్జివి నువ్వే.”

మహిమకి పునుగు గొంతులో అడ్డం పడింది. అంటే ఈయన మెయిల్ ఇంకా చూడలేదా?

ఆయన కేబిన్‌లోకి వెళ్లాడో లేదో, రూబెన్ ఫోన్ చేశాడు.

“సారీ అక్కా. అన్ని రికార్డులూ కొత్తచోట ఎక్కించా గానీ మెయిల్ రికార్డు మర్చిపోయా. పొద్దుట్నుంచి మీ కంపెనీకి ఒక్క మెయిలూ వచ్చుండదు.”

“అయితే అవన్నీ పోయినట్టేనా?” ఆశగా అడిగింది మహిమ.

“ఎక్కడికీ పోవక్కా. గేటు బయట నిలబడుంటాయి. నేను రికార్డు పెట్టగానే లోపలికొచ్చేస్తాయి.”

“ఒక్కదాన్ని బయటే ఆపగలవా?”

“నేనేమన్నా వాచ్‌మేన్‌నా?”

“పోనీ, రేపు పెట్టు.”

“డీలర్ల ఆర్డర్లు కూడా అక్కడే ఉన్నాయి కదక్కా! నిన్నే వాన పడింది. పత్తి విత్తనాల కోసం జనం కొట్ల ముందు నిలబడ్డారు.”

మహిమ కళ్లు మూసుకుంది. “పెట్టెయ్ తమ్ముడూ” అంది.

సంగతి చెబితే బుల్లిబాబు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“పొద్దున పంపినవి ఇప్పుడొస్తాయా? అన్నీనా?”

“అన్నీ సార్.”

ఆయన మొహం పాలిపోయింది. ఆర్డర్ల బెంగ కాబోలు అనుకుంది మహిమ.

“ఓ పని చెయ్. నువ్విక్కడ కూర్చుని నా మెయిల్‌కొచ్చే ఆర్డర్లు ప్రింటు తియ్యి. నేను నీ సీట్లో కూర్చుని కొత్త సైటు తీరిగ్గా చూస్తా.”

స్తోత్రం ప్రభువా అనుకుంది మహిమ.

పావుగంటలో మెయిళ్లు దిగాయి. ఆర్డరు, ఆర్డరు, ఆర్డరు. మధ్యలో తన రాజీనామా. టక్కున తీసేసింది. అక్కడితో ఆగలేదు. తీసేసిన మెయిళ్లు ట్రాష్‌లో పడుంటాయని ఆమెకి తెలుసు. అందులోంచి కూడా తీసేసింది. అప్పుడు ఊపిరి పీల్చుకుని ఇరవయ్యేడు ఆర్డర్లు ప్రింటు తీసి పట్టుకొచ్చింది.

బుల్లిబాబు చెమట తుడుచుకుంటూ ఆమె సీట్లోంచి లేచాడు. “సైటు బ్రహ్మాండం అమ్మాయ్!” అంటూ ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ రూబెన్.

“అక్కా, నీ ఆఫీసు మెయిల్‌కి టెస్ట్ మెయిల్ పంపా. వచ్చిందా?”

ఇన్‌బాక్స్‌లో ఏమీ లేదు. “రాలేదే.”

“నాకు వెళ్లినట్టే చూపిస్తోందే! ట్రాష్‌లో చూడు. పొరపాటున తీసేశావేమో.”

మహిమ ట్రాష్ తెరిచింది. రూబెన్ టెస్ట్ మెయిల్ అక్కడే ఉంది. దాని కింద ఇంకొకటి. బుల్లిబాబు సొంత జీమెయిల్ నుంచి వచ్చింది. టైము తొమ్మిదీ పాతిక.

‘రేపటి నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు.’