గేటు మీద పేరు

హైమ సైన్యంలో పనిచేస్తోంది. ఇంటి వెనక గదిలో కూర్చుని, సరిహద్దు అవతల బాంబులు వేసే డ్రోన్లను నడుపుతుంది. ఇప్పుడు సైనికుల కొలువంతా ఇళ్లలోనే. ఆ సంగతి బయట చెప్పకూడదు. ఊరికి ఆమె జాకెట్లు కుట్టే మనిషి.

ఆ మధ్యాహ్నం అన్నానికి లేచి వస్తుంటే, రిటైరైన సుబేదారు తాత సింహాద్రి గేటు దగ్గర్నుంచి కేకేశాడు.

"ఒలే అమ్మీ, ఇలా రాయే! మనూళ్లో మిలిట్రీ వోళ్ల పేరు గేటు మీదుండాల. నిన్ను జాకెట్లు కుట్టే గుంట అంటంటే ఎన్నాళ్లు ఇనమంటావు?"

ఆయన పేరు కింద ఆమె పేరూ హోదా తడి రంగులో మెరుస్తున్నాయి.

హైమ ఆ అక్షరాలు చదివింది. పొద్దున తను కూల్చిన శత్రు సైనికుడి ఇంటిని పట్టించింది కూడా గేటు మీది పేరే. అక్కడా ఏ తాతో ముచ్చటపడి రాయించి ఉంటాడు.

చున్నీతో గబగబా తుడవసాగింది.

"అక్షరం తప్పు పోనాదేటే?"

"ఎవరైనా చూశారా తాతా?"

"సంతకెళ్లినోళ్లందరూ! ఫొటోలు కూడా తీసుకున్నారు."

"లోపలికి రా తాతా, తొందరగా."

"ఉండవే," అన్నాడు తాత, తలెత్తి ఆకాశంలోకి చూస్తూ. "ఎక్కడో తుమ్మెద రొద పెడతంది."