రెండు నిమిషాల జవాబు

"మళ్లీ ఆగిపోయావు," అన్నాడు షవ్కీ, ఫోన్‌లో టైము చూస్తూ. "ఇంకా నిమిషం పైనే ఉంది."

నెర్మీన్ చేతిలోని కార్డు బల్ల మీద పడేసింది. 'మీకు ఇష్టమైన కాలక్షేపం గురించి రెండు నిమిషాలు మాట్లాడండి' అని ఉంది దాని మీద. ప్రాక్టీసు పుస్తకంలో దానికి చక్కటి జవాబు ఉంది. పడవ పందేలు, శనివారాలు, స్నేహితులు. మొత్తం బట్టీ పట్టింది. మూడో వాక్యం దాటి ముందుకు సాగలేదు.

"నేనెప్పుడైనా పడవ పందెం చూశానా? నా వల్ల కాదు."

"చూసిందే చెప్పు మరి. తప్పో ఒప్పో నాకేం తెలుస్తుంది? స్కూల్లో నన్ను చూస్తే ఇంగ్లీషు మాస్టారు పుస్తకం మూసేసేవాడు."

నెర్మీన్ ఈజిప్టులోని దమియెట్టా ఊళ్లో ఆసుపత్రి నర్సు. భర్త షవ్కీ ఇంటి కిందే షాపులో సోఫాలకు గుడ్డ బిగిస్తాడు. ఈ ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే ఐర్లండ్‌లో ఒక ఆసుపత్రి ఆమెను తీసుకుంటానంది. చదవడం, రాయడం ఆమెకు కష్టం కాదు. మాట్లాడటమే గండం. కిందటిసారి పరీక్ష తప్పింది అక్కడే. "అద్దం ముందు కాదమ్మా, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడు," అని కోచింగులో మిస్ ఇల్హామ్ చెప్పింది. ఇంట్లో ఉన్న మనిషి షవ్కీ ఒక్కడే. అందుకని రోజూ సాయంత్రపు అసర్ నమాజు కాగానే షాపు తలుపు దగ్గరగా వేసి పైకొచ్చి కూర్చుంటున్నాడు.

"రెండేళ్లు, అంతే. తర్వాత వచ్చేస్తాను," అని అతనితో చెప్పింది. రావాలని ఆమెకు లేదు. ఆ సంగతి అతని మొహం మీద చెప్పడానికి ధైర్యమూ లేదు.

వాళ్ల పాప చనిపోయినప్పటి నుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. గ్యాసు అయిపోయింది, రొట్టెలు తెచ్చావా, తాళం ఎక్కడ పెట్టావు. అంతకుమించి లేవు.

రెండో కార్డు తీసింది. 'మీరు తీసుకున్న కష్టమైన నిర్ణయం.' పుస్తకంలో జవాబు కాలేజీ మారడం గురించి. ఆమె షవ్కీ వైపు చూసింది. అతను ఫోన్ వైపే చూస్తున్నాడు.

ఇంగ్లీషులో మొదలుపెట్టింది. "ఒక మనిషి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. కానీ మేమిద్దరం స్టేషన్లో కూర్చున్న ప్రయాణికుల్లా ఉంటాం. నేను వెళ్లిపోతున్నాను. తిరిగి రాను. అతనికి ఎలా చెప్పాలో తెలియడం లేదు..."

 మాటలు ఈసారి నూనె రాసినట్టు సాఫీగా సాగిపోతున్నాయి.

"టైమైపోయింది," అన్నాడు షవ్కీ. "ఎక్కడా ఆగలేదే ఈసారి. ఏం చెప్పావు?"

"కాలేజీ మారడం గురించి."

"కాలేజీ మారడంలో ఇంత కథ ఉందా," అంటూ లేచి, గ్యాసు మీద టీ పెట్టాడు.

అప్పటి నుంచి ఏ కార్డు వచ్చినా ఆమె నిజమే చెప్పింది. పేర్లు మాత్రం పలికేది కాదు. పేర్లు ఏ భాషలోనైనా ఒకటే. చెప్పిన ప్రతిసారీ మనసు తేలికయ్యేది. ఆ వెంటనే భయం పట్టుకునేది. రాత్రి అతను అటు తిరిగి పడుకుంటే, ఏదో పసిగట్టాడేమోనని నిద్ర పట్టేది కాదు. ఈ మధ్య షాపులో చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుంటున్నాడు, మెట్ల మీంచి పిలిచినా పలకడు. కోపమేమో అనుకుంది. అడిగితే, "మ్యాచి వస్తోంది," అన్నాడు. ఊపిరి పీల్చుకుంది.

ఒకరోజు 'మళ్లీ చూడాలనుకునే చోటు' అన్న కార్డు వచ్చింది. పెళ్లైన కొత్తలో రాస్ ఎల్ బర్ సముద్రపు ఒడ్డున కాల్చిన చేపలు తిన్న సాయంత్రం గురించి చెప్పింది. మళ్లీ తీసుకెళ్లమని తానుగా అడగనని కూడా చెప్పింది. శుక్రవారం షవ్కీ మంచం కింద చెప్పులు వెతుక్కుంటూ, "చేపలు తిని చాలా రోజులైంది. రాస్ ఎల్ బర్ వెళ్లొద్దామా?" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడింది. చలి తగ్గాక ఊళ్లో అందరికీ సముద్రం గుర్తొస్తుందిలే అని సర్దిచెప్పుకుంది.

పరీక్ష దగ్గర పడింది. ఒక సాయంత్రం అతను హఠాత్తుగా, "ఒక మాట మాటిమాటికీ అంటున్నావు. లోన్లీ. అంటే ఏంటి?" అన్నాడు.

ఒంటరిగా ఉండటం అని చెప్పలేక నెర్మీన్ కార్డు వైపు చూసింది. "ప్రశాంతంగా ఉండటం."

"మంచి మాటే." కార్డులు సర్ది పక్కన పెట్టాడు. "అయితే నేనూ లోన్లీయే."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు.

పరీక్ష రోజు పొద్దున్నే మైక్రోబస్సులో పరీక్ష కేంద్రం ఉన్న మన్సూరా వెళ్లారు. దారిలో అతను కొనిచ్చిన ఫలాఫెల్ వడలు పెట్టిన రొట్టె ఒక్క ముక్క కూడా దిగలేదు ఆమెకు. పరీక్ష తప్పితే ఈ ఇంట్లోనే ఇలాగే. గట్టెక్కితే ఇతనికి చెప్పక తప్పదు. ఏది ఎక్కువ భయమో ఆమెకే తేలడం లేదు.

గేటు దగ్గర వాచ్‌మన్, "పరీక్ష రాసేవాళ్లే లోపలికి," అన్నాడు.

"షవ్కీ, నీకొకటి చెప్పాలి," అంది నెర్మీన్. 

"వాళ్లు పిలుస్తున్నారు, వెళ్లు." జారిన తలగుడ్డ కొసను ఆమె భుజం మీద సర్దాడు. "భయపడకు. ఉన్నదున్నట్టు చెప్పు. నేనేమీ అనుకోను."

ఆమె తలూపి గేటు దాటింది. నాలుగడుగులు వేశాక కాళ్లు ఆగిపోయాయి.

షవ్కీ ఆ మాటలన్నది ఇంగ్లీషులో.