తెల్ల గుంట

సకల జనుల సమ్మెలో భూపాలపల్లి బొగ్గు ఆగింది. కరెంటు లేక మానుకోట దగ్గరి రాళ్ల ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడ కోసిన పలకలు ఓడలెక్కి పరాయి దేశాలకు పోతాయి. రాతిపొడి కలిసిన నీళ్లు మాత్రం పక్క గుంటలోనే మిగులుతాయి. ఆ ఫ్యాక్టరీలో కాపలా పని దొరికాకే హీర్యా వలస మానేశాడు.

చీకటి పడ్డాక అతని భార్య రామి రొట్టెలు తెచ్చింది. గేటు దగ్గర హీర్యా లేడు. పైన పెచ్చుకట్టిన గుంట వెన్నెల్లో అలికిన వాకిలిలా నున్నగా, తెల్లగా ఉంది. కిందంతా ఊబి. మొన్న దాని మీదికి నడిచిన మేక మళ్లీ పైకి రాలేదు.

ఇప్పుడు దాని మీద మనిషి అడుగులున్నాయి. నడిమి దాకా పోయి ఆగాయి.

రామి గుంట అంచు దాకా పరుగెత్తింది. మొగుడి పేరు పలకకూడదు కనుక, బిడ్డ పేరు పెట్టి పిలిచింది.

"ఓ సంగీత నాయినా."

"వస్తున్న, జర ఆగు." గుంటలోంచి హీర్యా గొంతు.

ఆమె ఆత్రంగా అడుగు వెయ్యబోయింది. వెనక నుంచి ఎవరో రెక్క పట్టి గుంజారు. చూస్తే, బ్యాటరీ లైటుతో హీర్యా.

"ధర్నా కాడ జర ఆలస్యమైంది. ఎవలతోని మాట్లాడుతున్నవే?"

"నీతోనే."

"అప్పుడే ముసలిదానివైనవా, మొగుని గొంతు గుర్తువట్టవు?" అతను నవ్వాడు.

"రామీ," గుంటలోంచి హీర్యా గొంతు మెల్లగా అడిగింది, "నీ రెక్క వట్టుకున్న గా మనిషెవలే?"