చేతిరుమాలుకు ఇస్త్రీ

ఎదురు వరసలో ముసలావిడ ఇస్త్రీ కొట్టు తెరిచిన రోజు నుంచి టైలరమ్మకు కడుపు మండిపోతోంది.

పదేళ్ళుగా ఆ వీధిలో పనిచేసే ఆడవాళ్ళ కబుర్లన్నీ ఆమె కుట్టుమిషను దగ్గరే. రోడ్డు వెడల్పయి, కొత్త హంగులు వచ్చాక కూడా ఆ వైభవం తగ్గలేదు.

ఇప్పుడు మందుల షాపు అమ్మాయి, కూరగాయలామె, బ్యాంకు గుమస్తా, అందరూ అక్కడికే!

పోనీ, బట్టల మూటలతో వెళ్తారా అంటే అదీ లేదు. చేతిలో ఒక్క చేతిరుమాలు. లోపలికి వెళ్ళి, కాసేపటికి తేటపడిన మొహాలతో బయటికొస్తారు.

చేతిరుమాలుకు ఇస్త్రీ ఏమిటి? దానికి ఈ నవ్వులేమిటి? టైలరమ్మకు కుట్టు వంకరపోయేది.

ఒకరోజు ముసలావిడే రోడ్డు దాటి వచ్చింది.

"పొద్దుటినుంచీ కుర్చీలోంచి లేవవు. మొహమాటపడకుండా నువ్వూ రామ్మా."

గిరాకీ తగ్గిందని దెప్పుతోందనుకుంది టైలరమ్మ.

"నా బట్టలు నేనే ఇస్త్రీ చేసుకుంటానులెండి."

ఆ వారమే ఆ కొట్టున్న గది యజమాని చెవిన ఓ మాట వేసింది. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. వేళాపాళా లేకుండా ఎవరెవరో ఆడవాళ్ళు వచ్చిపోతున్నారని మాత్రం అంది. మిగతాది ఆయనే ఊహించుకున్నాడు.

నెల తిరక్కుండా గది ఖాళీ అయింది. టైలరమ్మ ఆ రోజు హాయిగా నిద్రపోయింది.

మర్నాడు మందుల షాపు అమ్మాయి చేతిరుమాలుతో వచ్చి, తాళం చూసి నిలబడిపోయింది. టైలరమ్మ పిలిచి, తన దగ్గరా ఇస్త్రీపెట్టె ఉందని ఆప్యాయంగా చెప్పింది.

"ఇస్త్రీ ఎవరిక్కావాలక్కా? ఈ రోడ్డు మొత్తానికి ఆడవాళ్ళకున్న బాత్రూం అదొక్కటే. ఊరికే వెళ్ళాలంటే సిగ్గేసి చేతిరుమాలు పట్టుకెళ్ళేవాళ్ళం."

టైలరమ్మకు ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా తాను గడిపిన ఎండాకాలాలన్నీ గుర్తొచ్చాయి. సిగ్గుతో తల వాలిపోయింది.

పరుగున యజమాని దగ్గరకు వెళ్ళి, ఆవిడ చిరునామా ఇమ్మంది.

"నా దగ్గర లేదమ్మా. మున్సిపల్ ఆఫీసులో ప్లాన్లు గీసి రిటైరైన మనిషట. వెళ్ళేటప్పుడే చెప్పింది," అన్నాడాయన, ఆమె మొహం చూడకుండా. "మన రోడ్డు ప్లానులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి గీసింది ఆవిడేనట, పైవాళ్ళు దాన్ని కొట్టేస్తే, ఆ చోటికి దగ్గరగా ఉందని నా గది తీసుకుందట."