క్యూలో మొదటివాడు

మూసిన షట్టర్ ముందు ఒక్క మనిషి బుద్ధిగా నిలబడితే చాలు, కాసేపట్లో అతని వెనక పదిమంది చేరతారు. ఇది బావ సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని నమ్ముకునే ఇవాళ బావా బావమరుదులు నగల కొట్టుకి కన్నం వేస్తున్నారు.

నగల కొట్టుకి ఇవాళ సెలవు. దాని వెనక తలుపు పక్కసందులో ఉంది. సందు మొదట్లో గొడుగులు బాగుచేసే చిన్న కొట్టు, వానలు పడేదాకా దాని షట్టర్ లేవదు. ఆ షట్టర్ ముందు క్యూ కడితే సందు ఎవరికీ కనపడదు. క్యూ చాటున బావమరిది తాళం కోసి, పని కాగానే ఈల వేస్తాడు. ఈల వినగానే బావ వెళ్లి వ్యాను తెస్తాడు.

"ఎందుకు నిలబడ్డావని ఎవరైనా అడిగితే?" అన్నాడు బావమరిది, రంపం ఉన్న సంచి భుజాన వేసుకుంటూ.

"ఎవడూ అడగడ్రా పిచ్చోడా. ముందున్నవాడికి తెలిసే ఉంటుందనుకుంటాడు ప్రతివాడూ. జనమంటే గొర్రెల మంద. ఒకటి దూకితే చాలు."

పని పూర్తి చేసి తీరాలి. ఇంట్లో ఫ్రిజ్ చచ్చి, రోజూ పాలు విరిగిపోతున్నాయి. "ఈసారి కూడా ఉత్త చేతులతో వస్తే మీ ఇద్దరికీ తలుపు తియ్యను" అని పొద్దున్నే చెప్పింది బావ భార్య. ఆవిడ మొగుడనీ చూడదు, తమ్ముడనీ చూడదు. పోయినసారి ఇద్దరూ మెట్ల మీదే పడుకున్నారు.

బావ వెళ్లి షట్టర్ ముందు నిలబడ్డాడు. ముందుగా ఒక బట్టతలాయన వచ్చి వెనక చేరాడు. తర్వాత కూరగాయల సంచీతో ఒకావిడ. ఆ తర్వాత ఇక లెక్క లేదు, క్యూ వీధి మలుపు కూడా తిరిగింది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. బావ మీసం చాటున నవ్వుకున్నాడు.

"ఫ్రిజ్‌లటండీ" అన్నాడు బట్టతలాయన, వీపు మీద తట్టి.

"ఏమిటీ?"

"వెనకాల చెప్పుకుంటున్నారు. ఏదో కంపెనీ మూసేస్తూ సగం ధరకి ఇచ్చేస్తోందట."

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ నిప్పు ఎవరు రాజేశారో బావకి తెలుసు కాబట్టి పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. ఎలాగో ఆపుకున్నాడు.

కాసేపటికి సగం ధర కాస్తా ఊరికే అయింది. ఇంకాసేపటికి ఫ్రిజ్‌కి రెండు తలుపులు మొలిచాయి. ఇంటికొకటే ఇస్తారట. బావ తల తిప్పి చూశాడు. నల్లకోటుతో ఒక లాయరు కూడా నిలబడి ఉన్నాడు. అంత చదువుకున్నవాడు కనుక్కోకుండా వస్తాడా?

బావ నవ్వు అక్కడ ఆగిపోయింది.

"వెనకాల ఎవడో గట్టివాడు క్యూ చూసుకుంటున్నాడండీ" అన్నాడు బట్టతలాయన మెచ్చుకోలుగా. "గోడ మీద సుద్దముక్కతో నెంబర్లు కూడా వేశాడు. ఎవరు పక్కకి జరిగినా చోటు పోయినట్టేనట. మొదటాయనకి మరీ మరీ చెప్పమన్నాడు."

మొదటాయన సందు వైపు చెవి రిక్కించాడు. ఇప్పుడు ఈల వినిపిస్తే? వెళ్తే రెండు తలుపుల ఫ్రిజ్ ఈ బట్టతల పాలు. వెళ్లకపోతే పాపం, సందులో చెమటలు కక్కుతున్న బావమరిది పోలీసుల పాలు. చిన్నప్పట్నుంచీ ఎత్తుకు తిప్పిన పిల్లాడు. బావకి నిజంగానే కళ్లు చెమర్చాయి. అయినా కాళ్లు కదల్లేదు. ఈల వినపడకూడదు దేవుడా అని మొక్కుకుని, షట్టర్‌కి ఇంకో అడుగు దగ్గరగా జరిగాడు.

దేవుడు విన్నాడు. ఈల రాలేదు, గొడుగుల కొట్టు యజమాని వచ్చాడు. ఏదో మరిచిపోయి తీసుకెళ్లడానికి వచ్చిన ముసలాయన, ఆ జనాన్ని చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇంతమందికీ ఒకేసారి గొడుగులు విరిగాయా?"

క్యూ కాసేపు తిట్టుకుంది, కాసేపు నవ్వుకుంది, తర్వాత ఎవరి దారిన వాళ్లు పోయారు. అందరికంటే ముందు లాయరు మాయమయ్యాడు.

అప్పుడు గుర్తొచ్చాడు బావకి బావమరిది. పరుగున సందులోకి వెళ్లాడు. రంపం సంచి గడప మీద పడి ఉంది. తాళం మీద గీత కూడా లేదు. మనిషి లేడు. పట్టుకుపోయారు! ఇంటికెళ్లి ఆవిడకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. బావ రెండు చేతులూ పైకెత్తేశాడు.

"నేనే బావా."

బావమరిది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది. వేళ్ల నిండా సుద్దపొడి.

బావ ఆ సుద్ద వేళ్ల వంక చూశాడు. "ఒరేయ్... ఆ క్యూ మనం పుట్టించిందే కదరా!"

"నాకు తెలీదా బావా? తాళం మీద రంపం పెట్టబోతూ ఒక్కసారి తొంగి చూశాను. నువ్వేమో షట్టర్ వైపే చూస్తూ, అంత నమ్మకంగా నిలబడ్డావు... ముందున్నవాడికి తెలిసే ఉంటుందనుకున్నాను!"