మూడో చరణం

“మళ్ళీ తప్పింది నాయనమ్మా. పాటలో ‘రామయ్యా’ అంటున్నావు, వీడియోలో నోరు మూసుకుని ఉన్నావు.”

“నోరు మూసుకుని రామయ్యా అని ఎలా అంటానే? నీ డబ్బాలోనే ఏదో తేడా ఉంది,” అంది గోవిందమ్మ, చీర చెంగుతో లాప్‌టాప్ తెర తుడుస్తూ.

తేజస్వి నవ్వాపుకుని వీడియోని ఒక్క పిసరు ఎడమకి జరిపింది. తెర మీద కింద పాట, ఎగుడుదిగుడు గీతలుగా పరుచుకుని ఉంది. పైన వీడియో బొమ్మలు వరసగా ఉన్నాయి. పైదాన్ని కిందిదానితో కలపాలి. రెండు చరణాలు ఎలాగో కలిశాయి. మూడోదే మొండికేసింది.

సాయంత్రం ఆరింటికల్లా పంపాలి. మొదట పంపిన వీడియోని భక్తి పాటల పోటీవాళ్ళు తిప్పి పంపారు. “పెదాలకీ పాటకీ పొంతన లేదు. ఈ గొంతు ఈవిడది కాదని మా అనుమానం. ఇంకొక్క అవకాశం ఇస్తున్నాం” అని రాశారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి అంత గొంతేమిటని వాళ్ళ సందేహం. ఆ ముక్క విన్న దగ్గర్నుంచి గోవిందమ్మకి ముద్ద దిగడం లేదు. ముసునూరులో ఆవిడ పాట లేకుండా ఒక్క పెళ్ళిపందిరి లేవలేదు. అలాంటి గొంతు ఇప్పుడు ఆవిడది కాదట!

నిజానికి తప్పు ఎవరిదీ కాదు. తోటలో పాడితే ఒకవంక కోయిలలు, ఇంకోవంక పక్కవాళ్ళ మందు కొట్టే ఇంజను. అందుకని తేజస్వి పాటని సామాన్ల గదిలో, చుట్టూ దుప్పట్లు కట్టి రికార్డు చేసింది. ఆ చీకట్లో మనిషి కనబడదు గనక వీడియో మామిడిచెట్ల కింద తీసింది. ఫోనులో పాట పెడతాను, దానికి తగ్గట్టు పెదాలు కదిపితే చాలంటే గోవిందమ్మ ససేమిరా అంది.

“పాడకుండా పాడినట్టు నటించనా? దేవుడి పాటకి దొంగవేషమా? నేను పాడతాను, నువ్వు తీసుకో.”

పాడింది. ఆరుసార్లు పాడింది. ఒకసారి సాగదీసినచోట ఇంకోసారి తుంచేసింది. ఆరు వీడియోలూ ఆరు దారులు పట్టాయి.

పాట కూడా మామూలు పాట కాదు. దేవుణ్ణి నిలదీసే పాట. గోవిందమ్మకి వాళ్ళమ్మ నేర్పింది. మూడో చరణంలో ‘ఎన్నిసార్లు చెప్పుకోనయ్యా, ఒక్కసారైనా వినవేమయ్యా’ అని వస్తుంది.

“అన్నిసార్లు చెబితే ఎవరు మాత్రం వింటారు?” అన్నాడు సీతారామాంజనేయులు, వాలుకుర్చీలో పేపరు చాటు నుంచి.

“మిమ్మల్నెవరూ అడగలేదండీ,” అంది భార్య.

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

ఐదు దాటింది. తేజస్వి ఆశ వదులుకుని ఫోనులో వెతుకుతుంటే ఏడో వీడియో ఒకటి కనబడింది. తను మంచినీళ్ళ కోసం ఇంట్లోకి వెళ్ళినప్పుడు ఫోను ఆపడం మరిచిపోయినట్టుంది. మైకు మాత్రం ఆపేసింది. బొమ్మ ఉంది, శబ్దం లేదు.

చెట్టు కింద గోవిందమ్మ, ఓ పక్కగా తిరిగి ఉంది. చెయ్యి ఊపుతోంది, తల ఆడిస్తోంది. ఎదురుగా మంచం మీద తాతయ్య, రెండు చేతులూ జోడించి, తల వంచుకుని కూర్చున్నాడు.

తేజస్వి దాన్ని తెచ్చి మూడో చరణం మీద పెట్టింది. కాస్త కుడికి జరిపింది. కొద్దిగా సాగదీసింది. ‘ఎన్నిసార్లు’ దగ్గర పెదాలు తెరుచుకున్నాయి. ‘వినవేమయ్యా’ దగ్గర చెయ్యి నుదుటికి తగిలింది.

“నాయనమ్మా! ఇటు రా! నేను లేనప్పుడు ఇంత బాగా సాధన చేశావా?”

గోవిందమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. మొగుడి వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

“టైమెంతయిందే?” అంది ఆవిడ.

“ఆరుకి పది నిమిషాలు.”

“అయితే పంపెయ్.”

“ఇంకోసారి చూస్తావా?”

“అక్కర్లేదు. బాగానే కలిసింది. పంపెయ్యమంటుంటే!”

మూడోనాడు ఫోను మోగింది. న్యాయనిర్ణేత జ్ఞానప్రసూనాంబగారు. ఒకప్పుడు కాలేజీలో సంగీతం చెప్పినావిడ. తేజస్వి స్పీకరు ఆన్ చేసింది.

“గోవిందమ్మగారూ, ముందు మమ్మల్ని క్షమించాలి. మీ గొంతుని అనుమానించాం. మొదటి బహుమతి మీదేనండీ. వచ్చే ఆదివారం మైలవరం సభలో వేదిక మీద మీరు పాడాలి.”

“పాడతానండీ. ఎదురుగానే పాడతాను, ఎవరి అనుమానాలైనా తీరిపోతాయి,” అంది గోవిందమ్మ బింకంగా. కళ్ళు మాత్రం తడిసి ఉన్నాయి.

“మాకింకా అనుమానమా! మొదటి రెండు చరణాలూ పాడారు సరే, మూడోది మాత్రం అనుభవించారమ్మా. ఆ ఆవేదన, ఆ చనువు! నలభై ఏళ్ళు సంగీతం చెప్పాను, అలాంటి భావం ఎవరికీ నేర్పలేకపోయాను. ఎదురుగా ఆ పెద్దాయన భక్తి చూస్తే నేనూ దణ్ణం పెట్టేశాను.”

“ఆయనకి భయం... భక్తి ఎక్కువేనండీ,” అని గోవిందమ్మ గబగబా ఫోను పెట్టేసి, పక్కింటివాళ్ళకి చెప్పడానికి వెళ్ళింది.

తేజస్వి తాతయ్య పక్కన చేరింది.

“నాయనమ్మ ఒకేలా రెండుసార్లు పాడదు కదా తాతయ్యా. ఆరుసార్లు కుదరనిది ఆ ఒక్క సాధనలో ఎలా కుదిరిందంటావు?”

సీతారామాంజనేయులు గుమ్మం వైపు తొంగిచూసి, పేపరు మడిచి, గొంతు తగ్గించాడు.

“సాధనేం కాదమ్మా, షుగరు పెట్టుకుని రసాలు తిన్నానని నన్ను తిడుతోంది.”