చప్పుడు లేని ఇంజిను

"స్టార్టయిందో లేదో కూడా తెలీదు సార్! పికప్ అదిరిపోతుంది. మైలేజీ మాత్రం మీ పాత డీజిల్ కంటే కాస్త తక్కువ," అన్నాడు వెనకసీట్లోంచి సేల్స్‌మన్.

"సరే, మలుపులో నెమ్మదిగానే తిప్పుతాలే. అలా కసురుకోకు," అన్నాడు స్టీరింగు పట్టిన మాస్టారు.

పక్కనున్న కూతురు తిరిగి చూసింది. "నేనేమీ అనలేదు, నాన్నా."

ఆయన గతుక్కుమన్నాడు. భార్య పోయినప్పటినుంచీ బండెక్కితే ఆమెతోనే మాట్లాడుతున్నాడు. డీజిల్ మోతలో ఇన్నాళ్లూ ఆ మాటలు ఎవరి చెవినా పడలేదు.

"పాత బండిలోనూ నీ పెదాలు కదిలేవి. పాట పాడుకుంటున్నావనుకున్నా," అంది కూతురు మెల్లగా.

మాస్టారు బండిని రోడ్డు పక్కన ఆపి, తల దించుకున్నాడు.

కూతురు వెనక్కి తిరిగింది. "ఇది మాకొద్దండీ. కాస్త మోత చేసే ఇంజినుంటే చూపించండి."